ప్యానెల్ నార్మల్, హూటర్ మూగ: బ్యాటరీ మీద పై ఫ్లోర్లు ఎందుకు మోగడం లేదు?

#1 కొండాపూర్_ఫెసిలిటీ

ఆఫీసు బిల్డింగ్ ఫైర్ అలారం గురించి. గ్రౌండ్, పైన ఆరు ఫ్లోర్లు. సెల్లార్లకి వేరే ప్యానెల్ ఉంది, దాని సంగతి ఇప్పుడు వద్దు. పైన ఉన్నది కన్వెన్షనల్ ప్యానెల్, అంటే ఒక్కో పరికరాన్ని విడిగా గుర్తించలేని రకం. ఒకే హూటర్ సర్క్యూట్ మీద ఫ్లోరుకి రెండు చొప్పున 14 హూటర్-స్ట్రోబ్‌లు (మోగే హూటర్, మెరిసే లైటు కలిసినవి) ఉన్నాయి. కేబుల్ 1.5 చ.మి.మీ. రాగి ఆర్మర్డ్. ప్యానెల్ రూమ్ నుంచి షాఫ్ట్ దాకా 90 మీటర్ల మేర ఒక్క హూటర్ కూడా లేదు. అక్కణ్నుంచి చివరి హూటర్ దాకా ఇంకో 120 మీటర్లు. డేటాషీట్‌లో ఒక్కోటి 24 వోల్టుల దగ్గర 65 మిల్లీ ఆంపియర్లు, 16 వోల్టుల దగ్గర 95 అని ఉంది.

మాక్ డ్రిల్ ఫలితం ఇదీ. మెయిన్స్ మీద 13 మోగాయి, రెండో ఫ్లోర్ లిఫ్ట్ లాబీది మోగలేదు. మెయిన్స్ తీసేసి బ్యాటరీ మీద పెట్టాక ఐదు నిమిషాలు గడవకుండానే ఐదు, ఆరు ఫ్లోర్ల స్ట్రోబ్‌లు ఆగిపోయాయి, హూటర్లు కీచుమన్నాయి. నాలుగో ఫ్లోర్ గ్లాస్ క్యాబిన్లలో రెండు సార్లూ ఏమీ వినపడలేదు. డ్రిల్‌కి ముందూ తర్వాతా ప్యానెల్ మీద ఒక్క ఫాల్ట్ లేదు, పచ్చ లైటే. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) వాళ్లు 14 హూటర్లూ మార్చాలని కొటేషన్ ఇచ్చారు. నిజంగా మార్చాలా?

#2 ఈఓఎల్_పంతులు

ఆ కొటేషన్ మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. మూడింటికీ హూటర్లు మార్చడం మందు కాదు.

ముందు పచ్చ లైటు సంగతి. కన్వెన్షనల్ ప్యానెల్ మామూలు సమయంలో హూటర్ సర్క్యూట్‌లోకి తిరగేసిన పోలారిటీతో చిన్న కరెంటు పంపుతుంది. ప్రతి హూటర్ లోపలా డయోడ్ ఉంటుంది కాబట్టి ఆ కరెంటు హూటర్లోకి పోదు. తీగ చివరి దాకా వెళ్లి ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ గుండా తిరిగి వస్తుంది. అలారం వచ్చినప్పుడు ప్యానెల్ పోలారిటీ తిప్పి 24 వోల్టులు ఇస్తుంది, అప్పుడు హూటర్లు మోగుతాయి. అంటే ప్యానెల్ రోజంతా కాపలా కాసేది తీగకి, ఆ చివరి రెసిస్టర్‌కి. హూటర్ లోపల బోర్డు కాలిపోయినా, స్ట్రోబ్ ట్యూబ్ చచ్చిపోయినా దానికి తెలిసే దారే లేదు.

మీ ప్యానెల్ అబద్ధం ఆడటం లేదు. తీగ బాగుందని మాత్రమే అది చెబుతోంది. మనమే దాన్ని హూటర్ బాగుందని చదువుకుంటున్నాం.

#3 కొండాపూర్_ఫెసిలిటీ

అర్థమైంది. మరి పై రెండు ఫ్లోర్లు? వోల్టేజ్ డ్రాప్ అనుకుని నేనే లెక్క వేశాను. 14 × 0.095 = 1.33 ఆంపియర్లు. 210 మీటర్లు రానూ పోనూ, కిలోమీటరుకి 12.1 ఓమ్‌ల చొప్పున 5.08 ఓమ్‌లు. డ్రాప్ 6.76 వోల్టులు. 20.4 లోంచి తీసేస్తే 13.6. హూటర్ కనీసం 16 అడుగుతుంది. లెక్క సరైనదేనా?

#4 ఈఓఎల్_పంతులు

20.4 తీసుకోవడం సరైనదే. 24లో 85 శాతం, అంటే బ్యాటరీ చివరి దశలో ఉన్నప్పుడు లెక్క. 95 మిల్లీ ఆంపియర్లు తీసుకోవడమూ సరైనదే. చాలామంది 65 వేసి బోల్తా పడతారు. ఈ పరికరాలు వోల్టేజ్ తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతాయి. డ్రాప్ పెరిగితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే డ్రాప్ ఇంకా పెరుగుతుంది.

కానీ 14 హూటర్లూ చివర్లోనే గుత్తిగా ఉన్నట్టు మీరు లెక్క వేశారు. మొదటి 90 మీటర్లలో పూర్తి 1.33 ఆంపియర్లు పారుతుంది, నిజమే. తర్వాతి 120 మీటర్లలో ఒక్కో హూటర్ దాటేకొద్దీ కరెంటు తగ్గుతూ పోతుంది. సమాన దూరాల్లో ఉన్నాయనుకుంటే ఆ 120 మీటర్లు 64 మీటర్లతో సమానం. మొత్తం 154 మీటర్లు, 3.73 ఓమ్‌లు, డ్రాప్ 4.96. చివర్లో 15.4 వోల్టులు.

ఇది 20 డిగ్రీల రాగి లెక్క. మే నెలలో మన షాఫ్టుల్లో 45 డిగ్రీలు వింతేమీ కాదు. ఒక్కో డిగ్రీకి రాగి రెసిస్టెన్స్ 0.39 శాతం పెరుగుతుంది, అంటే 25 డిగ్రీలకి దాదాపు పది శాతం. డ్రాప్ 5.45 అవుతుంది, చివర 15 వోల్టులు మిగులుతుంది. మెయిన్స్ మీద సప్లై 27 దాకా ఉంటుంది కాబట్టి అంతా మోగి, బ్యాటరీ మీద పైన మాత్రమే చావడం సరిగ్గా దీని లక్షణమే.

కాగితం మీద లెక్కని నమ్మకుండా కొలిచి చూడండి. మంచి బ్యాటరీలు పెట్టి, మెయిన్స్ తీసి, అలారంలో పెట్టి, ప్యానెల్ టెర్మినల్ మీద ఒక రీడింగ్, చివరి హూటర్ దగ్గర ఒక రీడింగ్ తీసుకోండి. ఆ తేడాని 95/65, అంటే 1.46తో గుణించి 20.4 లోంచి తీసేయండి.

#5 రాణిగంజ్_వైర్‌మాన్

పంతులు లెక్కలు చెప్పిండు, నేను తీగల సంగతి చెప్త. ఆ రెండో ఫ్లోర్ హూటర్ ఖరాబైందని ఇప్పుడే అనకుండ్రి.

హూటర్ వెనక టెర్మినల్ విప్పి చూడుండ్రి. వచ్చే తీగ, పోయే తీగ రెండు వేరు వేరు కోసి, ఒక్కొక్కటి దాని ప్లేట్ కింద బిగించి ఉండాలె. మనోళ్లు ఏం చేస్తరంటే తీగ కోయకుండ, నడుమల ఇన్సులేషన్ జర గీకి, ఆ రాగిని మడిచి స్క్రూకి చుట్టేస్తరు. పని జల్ది అయితది. కానీ ఆ స్క్రూ లూజ్ అయితే హూటర్ కి కరెంటు పోదు, తీగ మాత్రం తెగలే కాబట్టి ప్యానెల్ కి తెలువది. కోసి బిగిస్తే స్క్రూ లూజైన నిమిషమే ఫాల్ట్ వస్తది.

ఇంకోటి టీ కొట్టుడు. ఇంటీరియర్ వాళ్లు కొత్త క్యాబిన్ కట్టినప్పుడు ఫాల్స్ సీలింగ్ మీద జంక్షన్ బాక్స్ పెట్టి పక్కకి ఒక కొమ్మ లాగుతరు. ఆ కొమ్మ తెగినా, ఎలుక కొరికినా ప్యానెల్ కి లెక్కలే. కన్వెన్షనల్ సర్క్యూట్ ల టీ అనేదే ఉండొద్దు.

పరీక్ష ఇట్ల చెయ్యుండ్రి: ప్యానెల్ నార్మల్ ల ఉంచి, ప్రతి హూటర్ దగ్గర ఒక తీగ విప్పాలె. ప్యానెల్ ఫాల్ట్ చూపించాలె. మళ్ల బిగిస్తే పోవాలె. 14 హూటర్లకు ఇద్దరు మనుషులు, ఒక వాకీటాకీ, గంట పని. యాడ ఫాల్ట్ రాలేదో ఆడ టీ ఉన్నట్టు, లేకుంటే తీగ కోయకుండ చుట్టినట్టు.

అంతకన్న ముందు రెసిస్టర్ యాడుందో చూడుండ్రి. చివరి హూటర్ ల ఉండాలె. ఫాల్ట్ పోతలేదని దాన్ని తెచ్చి ప్యానెల్ టెర్మినల్ మీదనే బిగించిన సైట్లు మస్తున్నయ్. 4.7 కిలో ఓమ్ అయితే పసుపు, ఊదా, ఎరుపు పట్టీలు. 10 కిలో అయితే గోధుమ, నలుపు, నారింజ. ప్యానెల్ తెరవంగనే అవుట్‌పుట్ మీద ఆ చిన్న చీమంత వస్తువు కనవడితే, దాని అవతల తీగ ఉన్నా లేనట్టే లెక్క.

#6 పీసీబీ_వైద్యుడు

వైర్‌మాన్ అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. కొన్ని హూటర్ల బేస్‌లో షార్టింగ్ స్ప్రింగ్ ఉంటుంది. హూటర్ బిగించకముందే వైరింగ్ పరీక్షించుకోవడానికి అది తీగని కలిపి ఉంచుతుంది, హూటర్ నొక్కగానే విడిపోతుంది. పెయింట్ వేసేవాళ్లు హూటర్ పీకి పక్కన పెట్టి మర్చిపోతే స్ప్రింగ్ మళ్లీ కలిసిపోతుంది. గోడ మీద హూటరే ఉండదు, ప్యానెల్ మాత్రం నార్మల్. అలాంటి బేస్ అయితే వైర్ విప్పే పరీక్షతో పాటు మొత్తం లెక్కపెట్టుకుంటూ తిరగాల్సిందే.

రెండో ఫ్లోర్ దానికి: అలారంలో ఉండగా టెర్మినల్ మీద డీసీ వోల్టులు చూడండి. 16 పైన ఉండి, పోలారిటీ సరిగ్గా ఉండి కూడా మోగకపోతే పోయింది హూటరే. సున్నా ఉంటే తీగ. ఒకవేళ ప్లస్ మైనస్ తారుమారు అయి ఉంటే నార్మల్‌లోనే కరెంటు దాని గుండా పారి ప్యానెల్ ఫాల్ట్ చూపించేది, కాబట్టి మీ కేసులో ఆ అనుమానం తక్కువ.

పోయిన హూటర్ విప్పితే కనిపించేవి దాదాపు ఇవే. పీజో బిళ్లకి (కరెంటుకి కంపించి శబ్దం చేసే పలక) అతికించిన సన్నటి తీగ సోల్డర్ దగ్గర చిట్లడం. బిళ్ల కంపించేదే, తీగ బిర్రుగా ఉంటే ఆ అతుకు ఎప్పటికైనా ఊడుతుంది. వేడికి ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. జెనాన్ స్ట్రోబ్ అయితే ట్యూబ్ చివరలు నల్లబడటం. తడి తగిలిన బోర్డు మీద పచ్చటి చిలుము. ఇక లాబీల్లో, మెట్ల దగ్గర హూటర్ నోట్లో కందిరీగ కట్టిన మట్టిగూడు, బల్లి గుడ్లు. నవ్వుకోకండి, మట్టిగూడు నోరు మూస్తే శబ్దం ఎంత పడిపోతుందో మీటర్ పెట్టి చూస్తే తెలుస్తుంది.

#7 మణికొండ_గార్డ్‌రూమ్

ఇంత తిప్పలు ఎందుకండీ, మొత్తం అడ్రసబుల్ (ప్రతి పరికరాన్నీ ప్యానెల్ విడిగా గుర్తుపట్టే రకం) చేసేస్తే పోదా?

#8 పీసీబీ_వైద్యుడు

డబ్బుంటే మంచిదే, కానీ అదేదో మంత్రం అనుకోవద్దు. లూప్ (ప్యానెల్ నుంచి బయల్దేరి తిరిగి ప్యానెల్‌కే చేరే తీగ) మీదే నడిచే హూటర్ ప్యానెల్‌తో మాట్లాడుతుంది కాబట్టి, పీకేస్తే తెలుస్తుంది. టీ కొట్టినా ఆ కొమ్మ మీద ఉన్న పరికరం జవాబు ఇవ్వకపోతే పేరు పెట్టి చూపిస్తుంది. షార్ట్ అయిన ముక్కని విడదీసే ఐసొలేటర్లు ఉంటే ఒకచోట షార్ట్ అయినా లూప్ రెండో వైపు నుంచి బతుకుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలు.

కానీ జవాబు ఇచ్చేది హూటర్లోని కమ్యూనికేషన్ చిప్. పీజో అతుకు ఊడినా చిప్ 'నేనున్నా' అనే అంటుంది. శబ్దం నిజంగా వచ్చిందో లేదో తెలియాలంటే హూటర్ లోపలే చిన్న మైకు, స్ట్రోబ్ దగ్గర లైట్ సెన్సర్ ఉండాలి. అలా తనని తాను పరీక్షించుకునే రకాలు మార్కెట్లో ఉన్నాయి. నన్నడిగితే రీడిజైన్ అనే మాటకి అర్థం అదే. చిన్నగా ఒకసారి మోగి, ఒకసారి మెరిసి, ప్యానెల్‌కి ఫలితం రాసిపెట్టాలి. పరికరం కొనేటప్పుడు నేను అడిగే మిగతావి: జెనాన్ బదులు ఎల్‌ఈడీ, ఎందుకంటే కరెంటు తక్కువ, వందల వోల్టుల కెపాసిటర్ ఉండదు. బోర్డుకి తేమ తగలకుండా పూత. రెండు తీగలు ఒకే స్క్రూ కింద దూరడానికి వీల్లేని విడి టెర్మినళ్లు. హూటర్ నోటికి పురుగు దూరని జాలీ.

ఒక పరిమితి కూడా చెప్పాలి. లోపలి మైకు వినేది తన గొంతునే. ఆ పక్క కొత్తగా గ్లాస్ గోడ లేచిందని దానికి తెలియదు.

#9 డెసిబెల్_బావ

గ్లాస్ గోడ మాట వచ్చింది కాబట్టి నాలుగో ఫ్లోర్ నాది.

మన దేశపు ఫైర్ అలారం ప్రమాణం ఐఎస్ 2189 ప్రకారం 65 డీబీ(ఏ), లేదా 30 సెకన్లకు మించి ఉండే చుట్టుపక్కల రొదకన్నా 5 డీబీ ఎక్కువ, రెండింట్లో ఏది పెద్దదైతే అది కావాలి. నిద్రపోయే చోట తల దగ్గర 75. అమెరికా వాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 72 సగటు రొదకన్నా 15 డీబీ ఎక్కువ అడుగుతుంది.

హూటర్ మీద 100 డీబీ అని రాసి ఉందనుకోండి. అది ఒక మీటరు దగ్గర. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డీబీ పోతుంది. రెండు మీటర్లకి 94, నాలుగుకి 88, ఎనిమిదికి 82. మధ్యలో మామూలు తలుపు మూసి ఉంటే ఇంకో 20 తీసేయండి, 62 మిగిలింది. ఫైర్ డోర్ అయితే 30 దాకా పోతుంది. క్యాబిన్‌లో ఏసీ, నలుగురి మాటలు కలిసి 60 ఉంటే కావాల్సింది కనీసం 65. అంటే లాబీ హూటర్ ఎంత కొత్తదైనా అక్కడ పనికిరాదు. 14 హూటర్లు మార్చినా నాలుగో ఫ్లోర్ సమస్య అలాగే ఉంటుంది.

లాబీలో పెద్ద హూటర్ పెడదాం అంటారు. అది తప్పుడు దారి. 110 డీబీ హూటర్ కింద నిలబడ్డవాడు చెవులు మూసుకుంటాడు, పక్కన ఉన్నవాడి మాట వినపడదు. పక్కనే అలాంటిదే ఇంకోటి పెట్టినా కలిసేది 3 డీబీ మాత్రమే. చిన్నవి ఎక్కువ పెట్టడమే పద్ధతి. క్యాబిన్ల లోపల తక్కువ కరెంటు చిన్న హూటర్లు చాలు.

కొలవడానికి ఫోన్ యాప్ వద్దు. క్లాస్ 2 సౌండ్ మీటర్, ఏ వెయిటింగ్‌లో (మనిషి చెవి వినే తీరుకి సరిచేసిన కొలత) పెట్టి, తలుపులు మూసి, ఏసీ వేసి, మనిషి కూర్చునే చోట చెవి ఎత్తులో పట్టుకోవాలి. హూటర్ కింద కొలిచి రిజిస్టర్లో రాసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

డీజీ (జనరేటర్) రూమ్ లాంటి చోట రొదతో పోటీ పడకండి, స్ట్రోబ్ పెట్టండి. స్ట్రోబ్‌ల యూరప్ ప్రమాణం ఈఎన్ 54-23 కోడ్ చదవడం తేలిక: డబ్ల్యూ-2.4-6 అంటే గోడ మీద 2.4 మీటర్ల ఎత్తున పెడితే 6 మీటర్ల చదరం గదికి సరిపోతుంది. సీ-3-9 అంటే సీలింగ్‌కి, 3 మీటర్ల ఎత్తున, 9 మీటర్ల వ్యాసం. ఒకే చూపులో రెండు స్ట్రోబ్‌లు కనిపిస్తే అవి ఒకేసారి మెరిసేలా సింక్ ఉండాలి. ఎడాపెడా మెరిస్తే కాంతికి మూర్ఛ వచ్చేవాళ్లకి ప్రమాదం.

#10 మణికొండ_గార్డ్‌రూమ్

హాస్టళ్లు, లాడ్జీలకీ ఇదే లెక్కా? మా వైపు పీజీ హాస్టల్ లేని గల్లీ లేదు.

#11 డెసిబెల్_బావ

లెక్క అదే, గీత వేరు. కారిడార్లో 100 డీబీ హూటర్, గది తలుపుకి 4 మీటర్ల దూరం అనుకోండి: 88. తలుపు 20 మింగితే లోపల గడప దగ్గరే 68. తల దగ్గర 75 రావడం కల్ల. ప్రతి గదిలో ఒకటి ఉండాల్సిందే.

గొంతు కూడా ముఖ్యం. మామూలు పీజో 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల అరుస్తుంది. గాఢనిద్రలో ఉన్నవాళ్లని, వినికిడి తగ్గినవాళ్లని లేపడానికి 520 హెర్ట్జ్ చదరపు తరంగం చాలా మెరుగు. ఎన్‌ఎఫ్‌పీఏ 72 నిద్రించే గదులకి 2014 జనవరి 1 నుంచి దాన్నే తప్పనిసరి చేసింది. అయితే అంత లోతు గొంతుకి పెద్ద స్పీకర్, ఎక్కువ కరెంటు కావాలి. పాత హూటర్ తీసి అదే తీగ మీద ఇది పెడితే పైన పంతులు గారు వేసిన లెక్క మొదటి నుంచి మళ్లీ వేయాలి.

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ హోటల్ అగ్నిప్రమాదంలో ఎనిమిది మంది చనిపోయారు. మంట కింద, ఈ-స్కూటర్ల షోరూం దగ్గర. పొగ మెట్ల గుండా పైకి వచ్చింది. పైన గదిలో ఉన్న మనిషికి మిగిలేది కొద్ది నిమిషాలు, అందుకే కారిడార్ హూటర్ చాలు అంటే నేను ఒప్పుకోను.

#12 కొండాపూర్_ఫెసిలిటీ

ఈరోజు చేసిన కొలతలు పెడుతున్నా.

కొత్త బ్యాటరీలు పెట్టి, మెయిన్స్ తీసి, అలారంలో: ప్యానెల్ దగ్గర 25.0, చివరి హూటర్ దగ్గర 21.3. తేడా 3.7. పంతులు గారి 1.46తో 5.4. అంటే బ్యాటరీ చివర్లో 15.0. లెక్కా కొలతా ఒకటే చెప్పాయి.

తీగ విప్పే పరీక్ష: 14లో మూడింటి దగ్గర ఫాల్ట్ రాలేదు. రెండు చోట్ల తీగ కోయకుండా చుట్టారు, అందులో ఒకటి రెండో ఫ్లోర్ లాబీదే. స్క్రూ కింద రాగి నల్లబడి ఉంది, అలారంలో వోల్టేజ్ సున్నా. కోసి, కొత్త రాగి తీసి బిగిస్తే మోగింది. మూడోది నాలుగో ఫ్లోర్లో టీ. చివరి రెసిస్టర్ ఉండాల్సిన చోటే ఉంది.

పాత బ్యాటరీలు 7 ఆంపియర్ అవర్లవి, నాలుగేళ్లవి. అలారంలో ఐదు నిమిషాలకే 21కి పడ్డాయి. ప్యానెల్లో రెండో హూటర్ అవుట్‌పుట్ ఖాళీగా ఉంది, టెర్మినల్ మీద రెసిస్టర్ పెట్టి మూసేశారు.

#13 ఈఓఎల్_పంతులు

అయితే కొనాల్సింది హూటర్లు కాదు, కేబులు.

మొత్తం 2.5 చ.మి.మీ.కి మారిస్తే, కిలోమీటరుకి 7.41 ఓమ్‌లు, అదే వేడి లెక్కతో డ్రాప్ 3.3, చివర 17.1 వోల్టులు. సరిపోతుంది. కానీ నేనైతే అలా చేయను. ఉన్న 1.5 అలాగే ఉంచి, ఖాళీ అవుట్‌పుట్ నుంచి ఇంకో 1.5 సర్క్యూట్ లాగి, ఫ్లోరుకి రెండు హూటర్లలో ఒకటి దీని మీద, ఒకటి దాని మీద వేస్తాను. ఒక్కోదాని మీద ఏడు, 0.665 ఆంపియర్లు, డ్రాప్ 2.8, చివర 17.6. పైగా ఒక తీగ కాలినా ప్రతి ఫ్లోర్లో ఒకటి మోగుతుంది. సరి అంతస్తులు ఒకటి, బేసి అంతస్తులు ఒకటి అని పంచకండి, అప్పుడు ఒక సర్క్యూట్ పోతే సగం ఫ్లోర్లు నిశ్శబ్దం. రెండో కేబుల్ వీలైతే వేరే షాఫ్ట్‌లో పంపండి. నాలుగో ఫ్లోర్ క్యాబిన్ హూటర్లని రెండు సర్క్యూట్ల మీదా పంచి, వాటి కరెంటు కలిపి మళ్లీ లెక్క చూసుకోండి.

బ్యాటరీ: నార్మల్‌లో 0.3 ఆంపియర్లు అనుకుంటే 24 గంటలకి 7.2. అలారంలో హూటర్లూ ప్యానెలూ కలిపి 1.8 చొప్పున అరగంటకి 0.9. మొత్తం 8.1, వయసుకి 25 శాతం కలిపితే 10.1. క్యాబిన్ హూటర్లు కూడా చేరతాయి కాబట్టి 12 మీద ఆగకుండా 17 ఆంపియర్ అవర్ల జత పెట్టండి, కాకపోతే ఆ సైజుని మీ ప్యానెల్ చార్జర్ ఒప్పుకుంటుందో డేటాషీట్ చూడండి. ఫ్లోట్ (నిండిన బ్యాటరీ మీద చార్జర్ నిలిపే వోల్టేజ్) 27.3 దగ్గర ఉండాలి. ప్యానెల్ రూమ్‌లో ఏసీ లేకపోతే నాలుగేళ్లు ఆశించకండి, 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ ఈ బ్యాటరీల ఆయుష్షు సగమవుతుంది.

#14 రాణిగంజ్_వైర్‌మాన్

కొత్త కేబుల్ తెచ్చేటప్పుడు ఒక మీటర్ ముక్క కోసి, రాగి తీగ స్క్రూగేజ్ తోని కొలువుండ్రి. 1.5 ఒంటి తీగ అయితే వ్యాసం 1.38 మి.మీ. దగ్గర ఉండాలె. 1.2 వస్తే అది 1.13 చ.మి.మీ. కేబుల్, పంతులు లెక్క మొత్తం గంగల కలుస్తది. ఆర్మర్డ్ అయితే గ్లాండ్ (కేబుల్ ని బాక్స్ కి పట్టి ఉంచే బిగింపు) లేకుండ బాక్స్ లకు దూర్చనియ్యొద్దు, అంచు కోసి ఎర్త్ ఫాల్ట్ వస్తది.

పని అయినంక ప్రతి హూటర్ పక్కన సర్క్యూట్ నంబర్, వరుస నంబర్ స్టిక్కర్ పెట్టుండ్రి. 1/5, 2/5 అని. డ్రాయింగ్ ల గూడ అదే రాయాలె. మళ్లొచ్చే ఇంటీరియర్ వాడు నడుమల టీ కొడితే, తీగ విప్పే పరీక్షల ఏ నంబర్ కాడ ఫాల్ట్ రాలేదో చూసి నేరుగ ఆడికే నిచ్చెన ఏసుకోవచ్చు.

#15 కొండాపూర్_ఫెసిలిటీ

స్క్రూగేజ్ తెప్పిస్తున్నా. ఏఎంసీ వాళ్ల కొటేషన్ వెనక్కి పంపాను. 300 మీటర్ల 1.5 ఆర్మర్డ్, ఆరు చిన్న హూటర్లు, ఒక బ్యాటరీ జత, గ్లాండ్లతో కొత్తది అడిగాను. కేబుల్ వచ్చాక వ్యాసం ఎంతుందో ఇక్కడే రాస్తా.